జకార్తా 1962, అబూధాబి 2019: ఈ రెండు జట్లూ దోహాలో తలపడితే

ఈ వారం ఆటల చరిత్ర మాట్లాడుకుందాం. ఆడిన ఆట కాదు, ఎప్పటికీ ఆడలేని ఆట ఒకటి.

అమెరికాలో బాస్కెట్‌బాల్ అభిమానులకి ఒక పాత జగడం ఉంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో మైకేల్ జోర్డాన్, మ్యాజిక్ జాన్సన్, లారీ బర్డ్ ఒకే జట్టుగా ఆడారు. దాన్ని డ్రీమ్ టీమ్ అన్నారు. 2012 లండన్ ఒలింపిక్స్‌కి ముందు కోబీ బ్రయంట్ మా జట్టు ఆ జట్టుని ఓడించగలదు అన్నాడు. జోర్డాన్ అది విని నవ్వాడు. అప్పటినుంచి వాళ్ళు వాదించుకుంటూనే ఉన్నారు. 82 మ్యాచులకి 72 గెలిచిన 1995-96 చికాగో బుల్స్ గొప్పదా, 73 గెలిచిన 2015-16 గోల్డెన్ స్టేట్ వారియర్స్ గొప్పదా అని ఇంకో తగువు. (ఆ 73 గెలిచినవాళ్ళు చివరికి ఫైనల్లో ఓడిపోయారు, అది వేరే సంగతి.)

మనం మాత్రం తక్కువ తిన్నామా? శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురు చేరితే చాలు, 1983 కపిల్ జట్టు, 2011 ధోనీ జట్టు మొదలవుతుంది. అది తేలేలోపల సాయంత్రం అవుతుంది.

నేను ఈ రోజు క్రికెట్టు జోలికి పోను. దోహాలో ఉన్నాం కాబట్టి ఇక్కడి ఆట ఫుట్‌బాల్. హైదరాబాదుకి కూడా ఒకప్పుడు అదే ఆట అని మనలో చాలామందికి తెలీదు. ఒక పక్క 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన భారత జట్టు. దానికి కోచ్ మన హైదరాబాదు స్కూలు మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఇంకో పక్క 2019 ఫిబ్రవరి 1న అబూధాబిలో జపాన్‌ని 3-1తో ఓడించి ఆసియా కప్పు తెచ్చుకున్న ఖతార్ జట్టు. ఈ రెండూ ఇక్కడ ఖలీఫా స్టేడియంలో ఎదురుపడితే ఎవరు గెలుస్తారు?

ముందు రహీం సాబ్ ఎవరో తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. 1909లో పుట్టారు. వృత్తి ఉపాధ్యాయుడు. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు గెలిచింది. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే రోజులు. వాళ్ళ పెద్ద క్లబ్బులకి మన పోలీసు కానిస్టేబుళ్ళు కొరుకుడు పడలేదన్నమాట. ఆయన చేతుల్లోనే భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం గెలిచింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి నాలుగో స్థానం దాకా పోయింది, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసింది.

అలాగని అన్నీ గెలుపులే కావు. 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాం. మనవాళ్ళలో చాలామంది ఉత్తి కాళ్ళతో ఆడారు, అదీ ఆ చలిలో. ఆ దెబ్బతోనే బూట్లు తప్పనిసరి చేశారు. 1962 జట్టు గురించి మాట్లాడుతూ ఇది ఎందుకు చెబుతున్నానంటే, అప్పటికి మనవాళ్ళు పూర్తిగా బూట్లకి అలవాటుపడి పదేళ్ళు కూడా కాలేదు.

ఇక ఆ ఏడాదికి వద్దాం. జకార్తాలో మనవాళ్ళు మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. తర్వాత థాయిలాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2. థాయిలాండ్ మ్యాచిలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. కట్టుతో ఉన్నవాణ్ణి వెనక నిలబెడితే ప్రమాదం. రహీం సాబ్ అతన్ని బెంచి మీద కూచోబెట్టలేదు. కాలేజీ రోజుల్లో ఇతను ముందు వరసలో ఆడేవాడని గుర్తుపెట్టుకుని సెంటర్ ఫార్వర్డుగా పంపారు. సెమీఫైనల్లో గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్. మళ్ళీ అదే దక్షిణ కొరియా. 20 నిమిషాల్లోపే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. కొరియా చివర్లో ఒకటి తిరిగి కొట్టింది. 2-1.

ఆ రోజు స్టేడియం పరిస్థితి కూడా చెప్పుకోవాలి. ఇండోనేసియా ఆ క్రీడలకి ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ రానివ్వలేదు. మన దేశానికి చెందిన క్రీడాధికారి జి.డి. సోంధీ దాన్ని గట్టిగా తప్పుపట్టారు. దానితో జకార్తాలో జనం మన రాయబార కార్యాలయం మీద పడ్డారు. ఫైనల్ నాడు లక్షమంది దాకా జనం, మన జాతీయగీతం వినబడకుండా గోల. మనవాళ్ళ పక్షాన అరిచింది పాకిస్తాన్ హాకీ జట్టువాళ్ళేనని ఆ ఆటగాళ్ళు తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకున్నారు.

ఇప్పుడు ఖతార్ వైపు చూద్దాం. 1962 నాటికి ఖతార్ ఇంకా స్వతంత్ర దేశమే కాదు. అది 1971లో. మొదటి అంతర్జాతీయ మ్యాచి 1970లో బహ్రెయిన్‌తో, 2-1తో ఓటమి. అంటే మనవాళ్ళు ఆసియా విజేతలుగా ఉన్న రోజున వీళ్ళకి జట్టే లేదు. ఒక తరం గడిచేసరికి 1981లో, బ్రెజిల్ నుంచి వచ్చిన ఎవరిస్తో అనే కోచ్ చేతుల్లో, ఖతార్ కుర్రాళ్ళు ప్రపంచ యువజన పోటీల్లో బ్రెజిల్‌ని 3-2తో, ఇంగ్లండ్‌ని 2-1తో ఓడించి ఫైనల్‌కి పోయారు. ఫైనల్లో పశ్చిమ జర్మనీ 4-0తో ఓడించింది. 1984 ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 2-2 డ్రా చేశారు. మన రోమ్ డ్రాకి అన్నదమ్ముడి లాంటిది.

2019లో వీళ్ళు ఆసియా కప్పులో ఏడు మ్యాచులు ఆడి 19 గోల్సు కొట్టారు. తిన్నది ఒక్కటే, అదీ ఫైనల్లో. అల్మోయెజ్ అలీ 9 గోల్సు కొట్టి, ఒకే ఆసియా కప్పులో 8 గోల్సు కొట్టిన ఇరాన్ ఆటగాడు అలీ దాయీ రికార్డుని దాటేశాడు. ఫైనల్లో 12వ నిమిషంలో గోలుకి వీపు పెట్టి, గాల్లో పల్టీ కొట్టినట్టు కొట్టిన గోలు చూడనివాళ్ళు ఈ రాత్రే వెతుక్కుని చూడండి.

వీళ్ళకీ జకార్తా లాంటి స్టేడియమే దొరికింది. 2017 జూన్ నుంచి యు.ఎ.ఇ., సౌదీ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌తో రాకపోకలు తెంచేసుకున్నాయి. ఆ రోజుల్లో ఇక్కడున్నవాళ్ళకి దుకాణాల్లో పాల డబ్బాల దగ్గర గుమిగూడిన జనం గుర్తుండే ఉంటారు. ఆసియా కప్పు జరిగిందేమో యు.ఎ.ఇ.లో. ఖతార్ అభిమానులు అక్కడికి పోయే దారి లేదు. సెమీఫైనల్ సరిగ్గా యు.ఎ.ఇ.తోనే పడింది. గాల్లో సీసాలు, చెప్పులు ఎగిరాయి. ఖతార్ 4-0తో గెలిచింది.

మరి మ్యాచి మొదలెడదామా? ఇక్కడే మొదటి చిక్కు. ఏ కాలం నియమాలతో ఆడాలి?

1962 నియమాలైతే సబ్‌స్టిట్యూట్లు లేరు. దిగిన పదకొండుమందే చివరిదాకా. కాలు బెణికినా కుంటుకుంటూ ఉండాల్సిందే. పసుపు కార్డు, ఎర్ర కార్డు అన్నవి 1970లో వచ్చాయి. బంతి తోలుది, తడిస్తే బరువెక్కుతుంది. తలతో కొడితే మర్నాడు దాకా తెలుస్తుంది. గోలీ తన డిఫెండరు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని చేత్తో పట్టుకోవచ్చు, అది 1992లో గానీ ఆగలేదు. ఈ నియమాలతో, ఒక మోస్తరు మైదానం మీద, సెప్టెంబరు ఎండలో ఆడితే నా అంచనా రహీం జట్టు 2-1. ఎందుకంటే అక్రం అఫీఫ్ లాంటి చురుకైనవాడికి జర్నైల్ సింగ్ మొదటి పది నిమిషాల్లో ఒకసారి భుజం రుచి చూపిస్తే, దానికి కార్డు చూపించేవాడు లేడు. ఆరడుగులు దాటిన మన గోలీ పీటర్ తంగరాజ్‌కి, హైదరాబాదులో పుట్టినవాడే, పైనుంచి వచ్చే బంతులు పండగ.

2019 నియమాలైతే కథ మారిపోతుంది. ఆ ఆసియా కప్పులో క్వార్టర్ ఫైనల్స్ నుంచి వీడియో రిఫరీ కూడా ఉన్నాడు. మైదానం కార్పెట్టు లాంటిది, బంతి ఈక లాంటిది. ఖతార్‌వాళ్ళు అవసరాన్నిబట్టి వెనక ముగ్గురితో, ఐదుగురితో ఆట మార్చేవాళ్ళు. మనవాళ్ళు ఆ రోజుల్లో దేశంలో ఆడిన పోటీలు చాలావరకు 70 నిమిషాలవి. 90 నిమిషాలు అంత వేగంతో పరుగెత్తే ఒళ్ళు వాళ్ళకి లేదు. వాళ్ళ తిండికీ, నేటి ఆటగాడి తిండికీ పోలికే లేదు. ఖతార్ 4-0 అంటాను. బాధగానే అంటాను.

నియమాలు ఫలితాన్ని మార్చవు అనేవాళ్ళకి 2024 జూన్ 11 గుర్తుచేస్తాను. ఇక్కడే దోహాలో ప్రపంచ కప్పు అర్హత మ్యాచి. మనవాళ్ళు 1-0తో ముందున్నారు. బంతి గీత దాటి బయటికి పోయాక లోపలికి లాగి ఖతార్ గోలు కొట్టింది, రిఫరీ ఇచ్చేశాడు. ఆ మ్యాచికి వీడియో రిఫరీ లేడు. చివరికి 2-1తో ఓడాం. అదే మ్యాచి ఇంకో నియమం కింద ఆడితే ఏమయ్యేదో మీరే చెప్పండి.

అలాగే కాగితం మీద బలం చూసి జోస్యం చెప్పేవాళ్ళకి 2019 సెప్టెంబరు 10 గుర్తుచేయాలి. ఆసియా విజేత ఖతార్, సొంత గడ్డ, అల్ సద్ దగ్గర జాసిం బిన్ హమద్ స్టేడియం. మన సునీల్ ఛెత్రి జ్వరంతో ఆడనేలేదు. ఖతార్‌వాళ్ళు పాతికకి పైగా షాట్లు కొట్టారు. గోలీ గుర్‌ప్రీత్ సింగ్ ఒక్కటీ పోనివ్వలేదు. 0-0. ఆ రాత్రి స్టేడియం బయట మనవాళ్ళు కప్పు గెలిచినట్టే కేకలు వేశారు. అంతకుముందు 2011లో ఇదే దోహాలో ఆసియా కప్పు ఆడినప్పుడు మనకి మూడు మ్యాచుల్లో 13 గోల్సు పడ్డాయి. (ఆ పోటీకి అర్హత తెచ్చిన 2008 ఛాలెంజ్ కప్పు మ్యాచులు చాలా భాగం మన హైదరాబాదులోనే జరిగాయి.)

కాబట్టి ఒక మ్యాచి లెక్క తేలదు. నియమాలు ఎవరివైతే గెలుపు దాదాపు వాళ్ళదే. బాస్కెట్‌బాల్ అభిమానుల జగడం తెగకపోవడానికీ ఇదే కారణమని నా అభిప్రాయం. జోర్డాన్ కాలంలో ఆటగాణ్ణి చేత్తో ఆపడం చెల్లేది, తర్వాత చెల్లలేదు. ఎవరి నియమమో చెప్పకుండా ఎవరు గొప్పో తేల్చాలంటే ఎలా?

కానీ ఈ రెండు జట్లనీ పక్కపక్కన పెట్టి చూస్తుంటే నాకు మ్యాచి కంటే పెద్ద విషయం ఒకటి కనబడింది. రెండూ ఒకే పద్ధతిలో తయారైన జట్లు. ఒక మాస్టారు, చాలా ఏళ్ళు, అవే మొహాలు.

ఖతార్ కోచ్ ఫెలిక్స్ సాంచెజ్ బార్సిలోనా నుంచి 2006లో ఇక్కడి ఆస్పైర్ అకాడమీకి వచ్చాడు. ఆ అకాడమీ 2004లో పెట్టారు. వచ్చింది పెద్ద జట్టుకి కాదు, పిల్లలకి నేర్పడానికి. ఆ పిల్లలతోనే 2014లో మయన్మార్‌లో 19 ఏళ్ళలోపు ఆసియా కప్పు గెలిచాడు. అక్రం అఫీఫ్, అల్మోయెజ్ అలీ ఆ జట్టులోవాళ్ళే. వాళ్ళతోపాటే పైకొచ్చి 2017లో పెద్ద జట్టు కోచ్ అయ్యాడు. రహీం సాబ్ కథ కూడా అంతే, డబ్బు తప్ప. బలరాం సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రాడు. రోజూ మైదానానికి రావడానికి డబ్బుల్లేకపోతే సైకిలు అద్దె రహీం సాబే ఇచ్చారని బలరాం చెప్పుకునేవాడు. అక్కడ ఎ.సి. వేసిన గుమ్మటం కింద మైదానం, ఇక్కడ అద్దె సైకిలు. ఫలితం ఒకటే, ఆసియాలో మొదటి స్థానం.

అల్మోయెజ్ అలీ సూడాన్‌లో పుట్టాడు, ఇక్కడ పెరిగాడు. బయట పుట్టినవాళ్ళతో గెలవడం కూడా ఒక గెలుపేనా అని 2019లో యు.ఎ.ఇ. అధికారికంగానే ఫిర్యాదు చేసింది, ఆసియా సమాఖ్య కొట్టేసింది. ఈ మాట మనవాళ్ళు కూడా వెటకారంగా అంటుంటారు. నేను మాత్రం అననివ్వను. ఇక్కడ పెరుగుతున్న మన పిల్లల్ని చూసి మాట్లాడండి. కేరళ మూలాలున్న తహ్సిన్ జంషీద్ 2024లో ఖతార్ జట్టుకి ఎంపికయ్యాడు. పెరిగిన ఊరి మైదానంలో ఆడిన పిల్లవాణ్ణి ఆ ఊరివాడు కాదనడం ఏం న్యాయం?

ఇంతవరకూ రెండు జట్లూ సమానమే. తేడా అంతా తర్వాత వచ్చింది.

జకార్తా ఫైనల్ నాటికే రహీం సాబ్ ఒంట్లో బాగాలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్ 11న పోయారు. బంగారు పతకం తర్వాత ఏడాది కూడా లేరు. 1964 ఆసియా కప్పులో భారత్ రెండో స్థానంలో వచ్చింది, అది ఆయన వేసిన పునాదే అనుకోవచ్చు. 1970 ఆసియా క్రీడల్లో కంచు పతకం, అప్పటి కోచ్ జి.ఎం.హెచ్. బాషా, కెప్టెన్ నయీముద్దీన్ హైదరాబాదీ. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ పతకమే లేదు. ఆయన బుర్రలో ఉన్నది ఆయనతోనే పోయింది. దాన్ని ఒక బడిగా ఎవరూ కట్టలేదు. బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో చిన్న వయసులోనే ఆట మానేసి, బెంగాల్లోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో పోయాడు. హైదరాబాదులో ఎంతమందికి తెలిసింది? 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022లో ఐ.ఎస్.ఎల్. కప్పు గెలిచింది. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి పోయింది.

ఖతార్ సంగతి చూడండి. 2022లో సొంత ప్రపంచ కప్పులో మూడు మ్యాచులూ ఓడారు, ఈక్వడార్ చేతిలో 2-0, సెనెగల్ చేతిలో 3-1, నెదర్లాండ్స్ చేతిలో 2-0. ప్రపంచమంతా నవ్వింది. సాంచెజ్ వెళ్ళిపోయాడు. మధ్యలో ఇంకో కోచ్ వచ్చి పోయాడు. 2023 డిసెంబరులో తింతిన్ మార్కెజ్ వచ్చాడు. రెండు నెలలు తిరిగేసరికి, 2024 ఫిబ్రవరి 10న, లుసైల్‌లో జోర్డాన్ దేశం మీద 3-1తో ఆసియా కప్పు మళ్ళీ గెలిచారు. మూడు గోల్సూ అఫీఫ్ పెనాల్టీలే. మాస్టారు మారినా బడి నడుస్తూనే ఉంది. 2025 అక్టోబరులో 2026 ప్రపంచ కప్పుకి మైదానంలో గెలిచే అర్హత తెచ్చుకున్నారు.

ఒక మ్యాచి అయితే నా డబ్బులు రహీం సాబ్ మీదే, పాత నియమాలతో. పదేళ్ళ పోటీ అయితే ఖతార్ మీద పెడతాను. ఇది చెప్పడానికి నాకు మనసొప్పదు గానీ చెప్పాలి.

పోయేముందు ఒక సరదా. ఈ రెండు జట్లూ కలిపి ఒకే పదకొండుమందిని ఎంచమంటే, గోల్లో తంగరాజ్. వెనక జర్నైల్ ఉండాల్సిందే, పక్కన బౌలెం ఖౌఖీ. మధ్యలో హసన్ అల్ హైదోస్, చునీ గోస్వామి. కుడివైపు పి.కె., ముందు అల్మోయెజ్. మిగతావాళ్ళని మీరు నింపుకోండి. నాకు చిక్కంతా ఎడమ వింగులోనే. అక్కడ ఇద్దరున్నారు, అఫీఫ్, బలరాం. అఫీఫ్ రెండుసార్లు ఆసియాలో ఏడాది ఉత్తమ ఆటగాడు. బలరాం ఆట వీడియోలు మనకి దాదాపు లేవు, ఉన్నవన్నీ చూసినవాళ్ళ మాటలే. నేను బలరాంని వేశాను. అఫీఫ్‌ని సబ్‌స్టిట్యూటుగా ఉంచుకుంటాను, నియమాలు ఒప్పుకుంటే. సెలవు.